ఒడిలో జొన్నలు

అలియాబాద్,
14 జూన్ 1998

అక్కకు,

నిన్న సాయంత్రం బావ మన ఊరి టెలిఫోన్ బూత్‌కు ఫోన్ చేశాడు. కాగజ్‌నగర్ లైను సంగతి నీకు తెలిసిందే, గరగర తప్ప ఏమీ వినపడదు. కానీ నీకు షుగర్ వచ్చిందన్న మాట మాత్రం బాగానే వినపడింది. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. బూత్ అతను "ఏమైంది పటేలా, గట్ల కూసున్నవ్?" అంటే లేచి ఇంటికి వచ్చేశాను.

భయపడకు. ఈ రెండేళ్లుగా నేనూ ఆ బాపతువాడినే కదా. నాగలి పట్టినన్నాళ్లు నాకేమీ లేదు. రోడ్డు పక్క పొలం ప్లాట్లకు అమ్మి, ఆఫీసని ఒక రేకుల షెడ్డు వేసుకుని కుర్చీలో కూర్చున్నాకే వచ్చింది. ప్లాటు చూడటానికి వచ్చినవాడికల్లా చాయ్, వాడితో పాటు నాకూ చాయ్, ఆపైన మిర్చి బజ్జీలు. పొట్ట పెరిగితే కలిసొచ్చిందని మురిసిపోయాం. మేడ్చల్ డాక్టరమ్మ నా రిపోర్టు చూసి, "పొలం అమ్మారు సరే, ఒళ్లు కూడా అమ్ముకుంటారా?" అంది. ఆ మాట నాకు బాగా తగిలింది.

ఇప్పుడు తెల్లవారగానే చెప్పులేసుకుని శామీర్‌పేట చెరువు కట్ట దిక్కు నడుస్తాను. జింకల పార్కు దగ్గర నాలాంటి పొట్టలవాళ్లు ఇంకొందరు కలుస్తారు. మధ్యాహ్నం గరిటెడు అన్నం, కంచం నిండా కూర. రాత్రికి జొన్నరొట్టె, పప్పు, గోంగూరో తోటకూరో. చాయ్‌లో చక్కెర మానేశాను. మొదట్లో ఆ చాయ్ తాగుతుంటే నా మొహం చూసి మీ మరదలు సత్తమ్మ పడీపడీ నవ్వేది. గోలీలు మాత్రం ఒక్క పూట తప్పను. నువ్వూ తప్పకు.

బాపును తలుచుకో అక్కా. ఆయనకు షుగర్ అని తెలిసేటప్పటికే కిడ్నీలు పోయాయి. "ఇంత బువ్వ పెట్టు బిడ్డా" అని అడిగితే పాలల్లో కలిపి మరీ పెట్టాం. అప్పుడు మనకు తెలియదు. ఇప్పుడు తెలిసి కూడా నిన్ను అట్లా పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

మూడేళ్లు నిండాయి, ఈ ఏడు నీకు తల్లిగారింటి ఒడి బియ్యం పోసే ఏడు. శ్రావణంలో రా. నడిచి చూపిస్తా, వండించి చూపిస్తా.

తిండి దగ్గర నీతో చిన్నప్పటి నుంచీ కొట్లాడే తమ్ముడు,
రాఘవేందర్


కాగజ్‌నగర్,
3 జూలై 1998

తమ్మీ రాఘవా,

నీ ఉత్తరం మీ బావ రెండుసార్లు చదివి, "మీ తమ్ముడు ప్లాట్లు అమ్ముడు ఇడిసిపెట్టి దవాఖాన పెట్టిండా ఏంది?" అన్నాడు. నువ్వు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి కానీ, మిల్లు కాలనీలో పొద్దున్నే నేను ఎక్కడ నడవాలిరా? ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగితే, "సుశీలమ్మ మొగుడితో కొట్లాడింది" అని మధ్యాహ్నానికల్లా అందరికీ తెలుస్తుంది.

అన్నం తగ్గించమన్నావు. నీకు ముద్దలు కలిపి పెట్టి పెంచింది నేనే కదా, ఆ చేతితోనే నా ముద్ద తీసెయ్యమంటున్నావు. కొన్నాళ్లు చేసి చూస్తాను. ఇక్కడ ఒకావిడ చెప్పింది, లడ్డూ తిన్నా సరే, వెంటనే గ్లాసెడు కాకరకాయ రసం తాగితే సరికి సరి అవుతుందట. మొన్న పెళ్లిలో అట్లాగే చేశాను. నోరంతా విషమైంది కానీ మనసు కుదుటపడింది.

ఒడి బియ్యం మాట ఎత్తావు, కడుపు నిండింది. అమ్మ పోయి, బాపు పోయాక నా తల్లిగారిల్లు అంటే నువ్వే. మా ఆడబిడ్డ దుర్గాబాయి సంగతి నీకు ఎరుకే. "అవ్వయ్యలు పోయినంక ఎవల తల్లిగారిల్లు నిలవడ్డది?" అని ఊరికే అంటూ ఉంటుంది. ఈసారి ఆమెను కూడా వెంట తెస్తాను. చూడనీ. కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంటే, నువ్వు దోసిళ్లతో పసుపు బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు నా కొంగులో పోస్తుంటే చూడనీ. ఆ బియ్యం ఇక్కడికి తెచ్చి వండి కాలనీ అంతటినీ పిలిచి పెడతాను. తిన్నవాళ్లంతా "నీ తల్లిగారిల్లు సల్లగుండ" అంటారు. మూడేళ్లుగా ఆ మాట కోసం చూస్తున్నాను.

నీ మేనకోడలు ఆమని ఎనిమిదో తరగతికి వచ్చింది. మామ మీద బెంగ పెట్టుకుంది. సత్తమ్మకు చెప్పు, నాకు సర్వపిండి చెయ్యమని. అది కూడా వద్దంటావా?

నీ అక్క,
సుశీల


అలియాబాద్,
18 జూలై 1998

అక్కకు,

కాకరకాయ రసం లడ్డూను కడిగేస్తుందని చెప్పినావిడను ఒకసారి నా దగ్గరికి పంపు. కడుపులోకి పోయిన లడ్డూ లడ్డూయే. కాకర మంచి కూరే, కూరగా వండుకుని తిను, పాపపరిహారానికి తాగకు. ఈ మాట డాక్టరమ్మను కూడా అడిగాను. ఆమె తల పట్టుకుంది.

కాలనీవాళ్లు ఏమన్నా అనుకోనీ, నడువు. ఒంటరిగా సిగ్గయితే ఆమనిని వెంట తీసుకుపో. బావకు కూడా పొట్ట ఉంది, ఆయననూ లేపు. సర్వపిండి సన్నగా తట్టించి, నూనె తక్కువ వేసి చేయిస్తాను, ఒక్క ముక్క తిందువు.

ఒడి బియ్యం గురించి నువ్వేమీ బెంగపడకు. అంతా నేను చూసుకుంటా. నీ ఒంటికి ఏది మంచిదో అదే చేస్తా. దుర్గాబాయి కూడా జన్మలో మర్చిపోదు.

వానలు పడ్డాయి. చెరువులోకి నీళ్లు వస్తున్నాయి. నువ్వు వచ్చేసరికి కట్ట మీద గడ్డి పచ్చగా ఉంటుంది.

రాఘవేందర్


కాగజ్‌నగర్,
24 ఆగస్టు 1998

రాఘవేందర్‌కు,

నువ్వన్నట్టే దుర్గాబాయి జన్మలో మర్చిపోదు. నేను అంతకన్నా మర్చిపోను.

పీట మీద కూర్చున్నాను. సత్తమ్మ బొట్టు పెట్టింది, కాళ్లకు పసుపు రాసింది. కళ్లు మూసుకుని అమ్మను తలుచుకుంటూ కొంగు పట్టాను. పడ్డ చప్పుడు వేరేగా అనిపించి కళ్లు తెరిచాను. జొన్నలు! పసుపు కలిపిన జొన్నలు! ఖర్జూరాలు కూడా లేవు, తీపి అని అవీ తీసేశావట. పైగా అంతమందిలో నవ్వుకుంటూ, "అక్కకు బియ్యం పడయి, గందుకే ఆరోగ్యం పోస్తున్న" అన్నావు.

మన ఇంట్లో జొన్నలు ఎవరికి కొలిచేవాళ్లురా? కోతలప్పుడు కూలికొచ్చినవాళ్లకు బాపు కొలిచి పోసేవాడు, వాళ్లు కొంగులు పట్టేవాళ్లు. నువ్వు నా కొంగులో అదే పోశావు. ఇంటి ఆడబిడ్డకు కూలి గింజలు పోసి పంపావు. దుర్గాబాయి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాగజ్‌నగర్‌లో బస్సు దిగేటప్పుడు అన్నది, "పోనీలే సుశీల, లేనోళ్లేం జేస్తరు."

లేనోళ్లట! రోడ్డు పక్క పొలం అమ్ముకున్న తమ్ముడు ఒక్క పూట బియ్యానికి లేనివాడయ్యాడు.

కాలనీలో అందరినీ భోజనానికి పిలిచి ఉన్నాను. కొట్లో బియ్యం తెప్పించి, పసుపు కలిపి, తల్లిగారివని చెప్పి వండి పెట్టాను. అందరూ నీ ఇల్లు చల్లగుండాలన్నారు. నేను ఒక్క మెతుకు కూడా మింగలేకపోయాను.

సుశీల


అలియాబాద్,
11 సెప్టెంబర్ 1998

అక్కకు,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. సత్తమ్మ ముందే చెప్పింది, నిజమే. "బియ్యం బియ్యమే, గందుల మీ డాక్టరమ్మకేం పని?" అంది. నేను వినలేదు. కూలి గింజల సంగతి నాకు తట్టనే లేదు అక్కా, ఒట్టు. రోజూ నా కంచంలోకి వచ్చే గింజ అది. నన్ను నిలబెట్టిన గింజ. అదే నీకూ పోశాను.

కానీ ఒకటి చెప్పు. పది మంది ముందు పరువు పోయిందని ఇంత ఏడ్చినదానివి, నీ ఒళ్లు పాడవుతుంటే ఎందుకు ఏడవవు? నువ్వు ఇక్కడున్నప్పుడు చూశాను. దొంగతనంగా పెరుగన్నం తిన్నావు. గోలీలు సంచిలోనే ఉన్నాయి, లెక్క తగ్గలేదు. చెరువు కట్టకు రమ్మంటే కాళ్లు తిమ్మిరులన్నావు. ఆ తిమ్మిరులు కూడా షుగరేనని చెబితే, "అన్నిటికి షుగరేనా" అని కసిరావు.

నాకు ఉన్న ఒక్క అక్కవు. బాపును చంపింది ఆ అన్నమే అని నాకు కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. అందుకే కోపంతోనే రాస్తున్నా, తిట్టుకుంటే తిట్టుకో. నీ షుగర్ దిగిందాకా నేను నీ ఒడిలో బియ్యం పొయ్యను. దిగిన రిపోర్టు పంపు. ఆ రోజే బండి మాట్లాడుకుని కాగజ్‌నగర్ వచ్చి, నీ వాకిట్లోనే, దుర్గాబాయి ముందే పోస్తాను.

మొండి తమ్ముడు,
రాఘవేందర్


కాగజ్‌నగర్,
9 ఫిబ్రవరి 1999

రాఘవేందర్‌కు,

రిపోర్టు జత చేస్తున్నాను. తిననప్పటిది, తిన్నతర్వాతది రెండూ మంచిగా ఉన్నాయి. ఇక్కడి డాక్టరు కూడా సంతోషపడి గోలీలు తగ్గించాడు. రొట్టెలే తింటున్నాను. నడుస్తున్నాను.

ఇంటి ముందు జామచెట్టు కాసింది. దుర్గాబాయి మనుమరాలికి పుట్టువెంట్రుకలు తీశారు, ఆమె కోడలి తల్లిగారు బండి నిండా తెచ్చారు.

నీ మాట నీకు గుర్తుందనుకుంటా.

సుశీల


అలియాబాద్,
27 ఫిబ్రవరి 1999

బంగారు తల్లివి అక్కా!

నీ రిపోర్టు పట్టుకుని మేడ్చల్ పోయి డాక్టరమ్మకు చూపించాను. వస్తూ వస్తూ షెడ్డులో అందరికీ చూపించాను. "మా అక్క, ఐదో తరగతి చదువు, పంతం పడితే చూడండి" అన్నాను. ఇన్నాళ్ల నా కోపం ఒక్క దెబ్బకు పోయింది.

నా మాట నాకు గుర్తుంది. ఎటూ పోను. కానీ డాక్టరమ్మ ఒకటి చెప్పింది, ఒక్క రిపోర్టు చూసి మురిసిపోవద్దని, మనిషి ఎట్లా తింటున్నదీ నెలల తరబడి చూస్తేనే తెలుస్తుందని. ఇప్పుడే బియ్యం పోస్తే నువ్వు మళ్లీ అన్నంలోకి దిగిపోతావని నా భయం. ఇంకొక్క ఏడాది ఇట్లాగే ఉండు. వచ్చే శ్రావణానికి కాకపోతే ఆపై శ్రావణానికి, ఐదు సేర్లు కాదు పది సేర్లు పోస్తాను.

గోలీలు తగ్గించారన్నావు, మళ్లీ ఒకసారి పరీక్ష చేయించుకుని అడుగు. ఏడాదికోసారి కళ్లు చూపించుకోవాలట. స్నానం చేశాక అరికాళ్లు చూసుకో, ఎక్కడన్నా చీలిందేమో. తిమ్మిరి కాళ్లకు దెబ్బ తగిలినా తెలియదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకో, సిగ్గుపడకు.

నీ రిపోర్టును పటం కట్టించుకోవాలని ఉన్న తమ్ముడు,
రాఘవేందర్


అలియాబాద్,
2 సెప్టెంబర్ 2000

అక్కకు,

ఇది నాలుగో ఉత్తరం. ఒక్కదానికీ జవాబు లేదు. పోయిన ఏడు రాఖీ పంపలేదు, పోస్టులో పోయిందనుకున్నాను. ఈ ఏడు కూడా రాలేదు. పండుగ నాడు సాయంత్రం దాకా చెయ్యి ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. వేరేవాళ్లు కడతామన్నా కట్టనియ్యలేదు.

బావకు ఫోన్ చేస్తే, "మంచిగనే ఉన్నది, పనిల ఉన్నది" అంటున్నాడు. ఆయన గొంతులో ఏదో తేడా ఉంది. నామీద కోపంగా ఉన్నా సరే, తిడుతూ ఒక్క ముక్క రాయి. కార్డు మీద రాయి. ఇట్లా ఊరుకుంటే నేను తట్టుకోలేను.

షుగర్ ఎట్లా ఉంది?

నీ తమ్ముడు


కాగజ్‌నగర్,
6 నవంబర్ 2000

తమ్మీ,

రాసేది ఆమని, చెప్పేది నేను. ఎట్ల జెప్తె గట్లనే రాయమన్న. నా కండ్లకు ఇగ అక్షరాలు ఆనుతలేవు. ఆమని మొకం గూడ మబ్బుమబ్బుగ కనవడ్తాంది. డాక్టరు షుగర్ కండ్లకెక్కిందన్నడు. మొదట్ల వస్తె ఏమన్న జేసేటోళ్లమన్నడు. మీ బావ ఫోన్ జేస్తనన్నడు, నేనే వద్దన్న. ఫోన్ల మనిద్దరం ఏడుసుడే అయితది, మాటలు సాగయి.

గా రిపోర్టు సంగతి ముందుగాల చెప్పాలె. పరీక్షకు పోయేముందు రెండు దినాలు ఉపాసమున్న. కాకర రసం, సల్ల తప్ప ఏం ముట్టలె. రిపోర్టు మంచిగొస్తె నువ్వు బియ్యం వట్టుకొని వస్తవని నా ఆశ. రిపోర్టు మంచిగనే వచ్చింది. డాక్టరు అది సూసి గోలీలు తగ్గిచ్చిండు. నువ్వేమో ఇంకో ఏడాది సూద్దమన్నవ్. గా ఉత్తరం వచ్చిన దినం నేను వాకిట్ల కూసోని ఏడ్సిన తమ్మీ. ఇగ ఎవల కోసం కడుపు మాడ్చుకోవాలె అనుకున్న. పంతానికి బువ్వ తిన్న. పంతానికే గోలీలు మానేసిన. నీ మీది కోపమంత నా పెయ్యి మీద తీసుకున్న.

ఎండకాలంల బండల మీద వడియాలు వెడ్తాంటె అరికాలు కాలింది. నాకు తెల్వనే లేదు. చాప మీద చీము మరక జూసి ఆమని మొత్తుకున్నది. అప్పటిసంది కట్లు కడ్తనే ఉన్నరు. మానలె. ఇప్పుడు మోకాలు కింద దాక నల్లగైంది. ఈ నెల ఇరవై రెండుకు మంచిర్యాల దవాఖానల కాలు తీస్తరు.

నువ్వు ఏడ్వకు. నువ్వు చెప్పినయన్ని మంచియే. ఆమనికి నేను గవే చెప్తున్న. అది రొట్టె తింటాంది, పొద్దుగాల నడుస్తాంది. మా ఇంట్ల నీ మాట ఇన్నది ఇదొక్కతే. కని ఒక్కటి నీకు ఎన్నడు అర్థంగాలె తమ్మీ. నేను ఒడిల పొయ్యమన్న గని, కడుపుల పొయ్యమన్ననా? గా బియ్యం పది మందికి పెట్టేదాన్ని. నేను ఒక్క ముద్ద నోట్లె ఏసుకునేదాన్ని. ఒక్క ముద్దకు సచ్చేదాన్ని గాదురా. నాకు ఓ ఇల్లున్నదని కొంగుకు తెలిస్తె సాలనుకున్న.

కాలు తీసినంక పీట మీద సక్కగ కూసోరాదట. గంతకుముందే రా. దుర్గాబాయిని పిలుస్త లేను. ఎవ్వలు అవసరం లేదు. నువ్వు, సత్తమ్మ వస్తె సాలు.

నీ అక్క సుశీల


అలియాబాద్,
3 డిసెంబర్ 2000

అక్కా,

ఇది ఆమని నీకు చదివి వినిపిస్తుంది. ఆమనీ, నడుమ ఆపకు బిడ్డా. నీకు ఏడుపు వచ్చినా చదువు.

దవాఖానలో నీ మంచం పక్కన అన్ని రోజులు కూర్చుని కూడా ఈ మాట అనలేకపోయాను. నీ దుప్పటి కింద ఒక దిక్కు లోతుగా ఉంటే అటు చూడలేక గోడ దిక్కు చూస్తూ కూర్చున్నాను. నువ్వేమో నా షుగర్ ఎంత ఉందని అడిగావు. పొద్దున తిన్నావా, గోలీ వేసుకున్నావా అని అడిగావు. నాకు వచ్చిన జవాబల్లా తల ఊపడమే, అది నీకు కనబడదని కూడా మర్చిపోయాను.

ఇంటికి వచ్చినప్పటి నుంచి చెరువు కట్ట దిక్కు పోలేదు. డాక్టరమ్మ నడవమంటుంది, సత్తమ్మ చెప్పులు తెచ్చి ముందర పెడుతుంది. రేపటి నుంచి పోతాను, నీకు మాట ఇస్తున్నాను. అన్నం తగ్గించమని, రొట్టె తినమని, కాళ్లు చూసుకోమని నీకు నేను చెప్పినవి అబద్ధాలు కావు. వాటికి నీ తల్లిగారిల్లు తాకట్టు పెట్టించుకున్నాను చూడు, అది నన్ను నిద్రపోనియ్యడం లేదు.

దవాఖానకు పోయే ముందు, ఆ రోజు మీ ఇంట్లో నిన్ను బావ ఎత్తి పీట మీద కూర్చోబెట్టాడు. కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్నావు. సత్తమ్మ బొట్టు పెట్టింది, ఒక్క పాదానికే పసుపు రాసింది. నువ్వు కొంగు పట్టావు. నేను మొదటి దోసిలి పోశాను. సగం పీట పక్కన పడ్డాయి, అది నీకు తెలియదు. అప్పుడు నువ్వు కొంగు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి లోపల పెట్టావు. నాలుగు గింజలు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నలిపావు. గుండ్రంగా ఉన్నాయా, పొడుగ్గా ఉన్నాయా అని చూశావు. కాసేపు అట్లాగే నలుపుతూ ఉన్నావు. తర్వాత మెల్లగా, నాకు వినపడదనుకుని, "బియ్యమే" అన్నావు. అని మళ్లీ కొంగు పట్టావు.

నాకు వినపడింది అక్కా.

నీ తమ్ముడు,
రాఘవ